సంఘమునకు వకీలు: దావాకు ముందా, తరువాతనా?



మన సహకార సంఘముల లెక్కపుస్తకములను చూచినచో ఎరువులకు, విత్తనములకు, గోనె సంచులకు, లారీ బాడుగలకు వేర్వేరు పద్దులు కనబడును. న్యాయవాది ఫీజు పద్దు మాత్రము దావా పడిన సంవత్సరమున గాని కనబడదు. అంతవరకు న్యాయవాదిని ఎవరును తలపరు. దావా పడిన పిదప తలచినవారు తొందరపాటున మొదట ఎదురుపడినవానిని కుదుర్చుకొని, అడిగినంత యిచ్చి, చూపినచోట నెల్ల సంతకము చేసి వత్తురు. తెగులు పొలమంతయు ప్రాకిన పిమ్మట మందుకై పరుగెత్తుట యెట్టిదో ఇదియు నట్టిదే. న్యాయవాదికి ఈయదలచిన ధనములో మొదటి రూపాయిని కరారునామాపై సంతకము చేయుటకు ముందే వ్యయము చేయవలెనని నా దృఢాభిప్రాయము. అట్టి న్యాయవాదిని ఎట్లు వెదకవలెనో, ఏ షరతులపై కుదుర్చుకొనవలెనో, కుదుర్చుకొన్న పిదప మన పెత్తనమును ఎట్లు నిలుపుకొనవలెనో ఇచ్చట మనవి చేసెదను.

ఇంత అవసరమేమి వచ్చినదని కొందరడుగవచ్చును. మన తాతల కాలమున పంటను సంతలోనో, కమీషను వ్యాపారి కొట్టులోనో అమ్మి రొక్కము తెచ్చుకొనుటతో వ్యవహారము ముగిసెడిది. నేడట్లు కాదు. గద్వాల ప్రాంతమున పత్తి విత్తనమును పండించు రైతునకును, విత్తనపు కంపెనీకిని నడుమ ఆర్గనైజరు అను మనిషి యుండును. గుంటూరున మిరపకాయలు శీతల గిడ్డంగులలో నెలల తరబడి నిలువయుండును. గిడ్డంగి యజమానితోను, బ్యాంకుతోను, దూరపు నగరపు వర్తకునితోను సంఘము కాగితముల మీద వ్యవహరింపవలసి యున్నది. ఆ కాగితములను ఎదుటి పక్షమువారు తమ న్యాయవాదిచే వ్రాయించి, అచ్చొత్తించి తెత్తురు. అవి తరచు ఇంగ్లీషున నుండును. మనము కడపటి పుటలో సంతకము చేయుచోటును మాత్రమే చూతుము.

విత్తనోత్పత్తి ఒడంబడికనే తీసికొందము. అందు మూడు సంగతులు పరీక్షింపదగినవి. మొలక శాతము తగ్గినదని సరకును త్రోసివేయునపుడు ఆ పరీక్ష ఎవరి ప్రయోగశాలలో జరుగును? సీలు వేసిన రెండవ నమూనా రైతువద్ద ఉండునా? ఇది మొదటిది. తగవు వచ్చినచో మధ్యవర్తిని ఉభయులును కలిసి నియమింతురా, కంపెనీయే నియమించునా? ఇది రెండవది. దావా మన జిల్లా కోర్టులో వేయవచ్చునా, కంపెనీ ప్రధాన కార్యాలయమున్న నగరమునకే పోవలెనా? ఇది మూడవది. సంతకమునకు ముందు వీనిని సవరింపుడని కోరుటకు ఒక యుత్తరము చాలును. సంతకమైన పిదప ఏండ్లు పట్టును. ఒక్కొక్కప్పుడు సాధ్యమే కాదు.

ఇక గడువుల సంగతి. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి ప్రామిసరీ నోటుపై దావా వేయుటకు సామాన్యముగా 3 సంవత్సరములే గడువు. ఆలోగా బాకీదారుడు బాకీ నొప్పుకొనుచు సంతకము చేసిన కాగితము ఈయనిచో, లేక కొంత సొమ్ము చెల్లించి దానికి తన చేవ్రాలు వేయనిచో నోటు మురిగిపోవును. చెక్కు గడువు ఇంకను స్వల్పము. బ్యాంకు చెక్కును త్రిప్పిపంపినట్లు తెలిసిన 30 దినములలో వ్రాతమూలకముగా నోటీసు పంపవలెను. అది అందిన 15 దినములలో సొమ్ము చెల్లింపనిచో, ఆపై ఒక నెలలో ఫిర్యాదు దాఖలు చేయవలెను. నేను తిరిగిన ప్రాంతములలో ఒక సంఘము మొక్కజొన్నను అరువున అమ్మి చెక్కు పుచ్చుకొనెను. చెక్కు చెల్లలేదు. వర్తకుడు "వచ్చు వారము, ఆపై వారము" అనుచు మర్యాదగా మాటలాడెను. కార్యదర్శియు మర్యాదగా వినెను. నోటీసు గడువు దాటెను, చెక్కు గడువును దాటెను. ఒక న్యాయవాది వ్రాసియిచ్చెడి ఒక్క పుట నోటీసు లేకపోవుటచే 60 కుటుంబముల సొమ్ము సివిలు దావాలో చిక్కుకొనెను.

అట్లయిన సంఘమే ఒక వకీలును జీతమునకు పెట్టుకొనరాదా? పెట్టుకొనవచ్చును గాని అతడు మన పక్షమున కోర్టులో నిలువజాలడు. పూర్తికాలపు జీతగాడుగా నున్నవాడు న్యాయవాద వృత్తి చేయరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమములలో 49వది చెప్పుచున్నది. కావున మనకు కావలసినవాడు స్వతంత్రముగా వృత్తి చేసికొనుచు, పనికింతయనియో, సాలుకింతయనియో ఫీజు పుచ్చుకొను న్యాయవాది. ఇది మనకు మేలే. ఏలయనగా మన జీతముపై ఆధారపడనివాడు "ఈ దావా నెగ్గదు, వేయవద్దు" అని చెప్పగల ధైర్యము కలిగియుండును. ఆ మాట చెప్పగలవానికి ఇచ్చిన ఫీజు వృథా కాదు.

అతనిని వెదకుట యెట్లు? కోర్టు వాకిట నిలిచి "మా ప్లీడరుగారి వద్దకు రండు" అని చేయిపట్టి లాగు దళారిని దూరముగా నుంచుడు. అతని కమీషను మన ఫీజులోనుండియే పోవును. సెల్‌ఫోనులో కనబడు ప్రకటనలును అట్టివే. న్యాయవాది తన వృత్తిని గూర్చి ప్రకటనలు చేయుటగాని, కక్షిదారులను వలలో వేసికొనుటగాని 36వ నియమమున నిషిద్ధము. పేరు, చిరునామా, నమోదు వివరములు, విద్యార్హత వంటివి తన వెబ్‌సైటులో తెలుపుటకు మాత్రము అనుమతి కలదు. వకీళ్లను సరకువలె జాబితా కట్టి, నక్షత్రములిచ్చి అమ్మజూపు ఇంటర్నెట్ సంస్థలను మద్రాసు ఉన్నత న్యాయస్థానము 2024 జూలైలో గట్టిగా మందలించినది.

మంచి మార్గములు వేరుగా నున్నవి. పొరుగు సంఘముల కార్యదర్శులను అడుగుడు, "ఎన్ని దావాలు గెలిచెను?" అని గాక, "గడువు తప్పించెనా? పిలిచిన పలికెనా? కాగితములు తిరిగి యిచ్చెనా?" అని యడుగుడు. పిదప ఇద్దరు సభ్యులు ఒక పూట జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వెనుక బల్లపై కూర్చుండి చూడుడు. కోర్టు బహిరంగ స్థలము, ఎవరును వలదనరు. ఎవరు కాగితములు చదివి వచ్చిరో, ఎవరు ప్రతి వ్యాజ్యమునకు వాయిదా నడుగుచున్నారో ఒక్క ఉదయముననే తెలియును. ఆపై అతని నమోదు సంఖ్య నడిగి రాష్ట్ర బార్ కౌన్సిలులో విచారింపుడు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము ప్రకారము ఆ పట్టికలో పేరు గలవారికే న్యాయవాద వృత్తి హక్కు కలదు. దస్తావేజులు వ్రాయు లేఖకునకుగాని, కోర్టు గుమాస్తాకుగాని అది లేదు.

విత్తనమును కొన్నపుడు మనమేమి చేయుదుము? నూరు గింజలను తడిగుడ్డలో చుట్టి మొలక చూచి గాని పొలమున చల్లము. న్యాయవాదిని కూడ అట్లే పరీక్షింపవచ్చును. మొదట ఒక చిన్న పని యీయుడు: ఒక కౌలు పత్రమో, ఒక గిడ్డంగి రసీదు షరతులో చూపి, వ్రాతమూలకముగా అభిప్రాయము కోరుడు. చెప్పిన దినమున ఇచ్చెనా, మనకు బోధపడునట్లు తెలుగున చెప్పెనా, తెలియనిదానిని తెలియదనెనా చూడుడు. ఇంకొక ప్రశ్న తప్పక అడుగవలెను: "మా ఎదుటి వర్తకునికి మీరు పూర్వమేమైన పని చేసితిరా?" ఎదుటి పక్షముతో తనకు గల సంబంధమును దాచకుండ తెలుపుట అతని విధి. ఒక వ్యవహారమున ఒక పక్షమునకు సలహా చెప్పినవాడు అదే వ్యవహారమున రెండవ పక్షమునకు పని చేయరాదు.

ఫీజు మాట నోటితో తేల్చుకొనుట మన పెద్ద దోషము. "గెలిచిన పిదప వచ్చినదానిలో పాతిక భాగము నాకిండు" అనువాడు ఉదారునివలె కనబడును. ఫలితముపై ఆధారపడిన ఫీజును కుదుర్చుకొనుట, వచ్చిన సొమ్ములో వాటా పంచుకొనుట 20వ నియమమున నిషిద్ధము. మొదటి దినముననే నియమము తప్పువాడు తరువాత మనయెడల నియమము పాటించునని యెట్లు నమ్ముదుము? కార్యవర్గము తీర్మానము చేసి, ఒక పుట ఉత్తరమున ఈ సంగతులు వ్రాసి ఉభయులును సంతకము చేయవలెను: చేయవలసిన పని యేది, ఫీజు మొత్తమెంత, ఏ దశలో ఎంత, కోర్టు రుసుము, నకళ్లు, ప్రయాణము ఖర్చులు వేరా, అందులోనివేనా, వాయిదాకు తానే వచ్చునా, జూనియరును పంపునా. సొమ్మును బ్యాంకు ద్వారా చెల్లించి రసీదు పుచ్చుకొనుడు. అసలు దస్తావేజులను అవసరమైనపుడే, పట్టిక వ్రాయించి, చేవ్రాలు తీసికొని యీయుడు. ఖాళీ కాగితముపై ఎంతటివాడడిగినను సంతకము చేయకుడు.

వకాలతునామా ఇచ్చినంతమాత్రమున వ్యాజ్యమును దానము చేసినట్లు కాదు. ఢిల్లీలోని ఒక సహకార గృహనిర్మాణ సంఘపు వ్యాజ్యమున 2015లో సర్వోన్నత న్యాయస్థానము ఈ సంగతిని స్పష్టపరచినది: కక్షిదారుని హక్కులను వదలుకొను మాట చెప్పుటకు ముందు న్యాయవాది అతని స్పష్టమైన అనుమతిని పొందవలెను. కావున రాజీకి సంఘ తీర్మానము కావలెనని ఉత్తరముననే వ్రాయుడు. ప్రతి వ్యాజ్యమునకు 16 అక్షరాంకముల సి.ఎన్.ఆర్. సంఖ్య యుండును. దానిని అడిగి తీసికొన్నచో ఈ-కోర్టుల సేవలో వాయిదా తేదీని, ఆనాడు జరిగినదానిని మన పిల్లలే ఫోనులో చూచి చెప్పగలరు. న్యాయవాదిపై నమ్మకము తప్పినచో కోర్టు అనుమతితో మార్చుకొనవచ్చును. ఫీజు బాకీ యున్నదని కక్షిదారుని కాగితములను బిగపట్టుటకు అతనికి హక్కు లేదని సర్వోన్నత న్యాయస్థానము 2000లోనే తీర్పు చెప్పినది.

దుష్ప్రవర్తనకు రాష్ట్ర బార్ కౌన్సిలునకు ఫిర్యాదు చేయవచ్చును. కాని వినియోగదారుల కమీషనునకు పోవ వీలులేదు. న్యాయవాదుల సేవ ఆ చట్టము క్రిందికి రాదని 2024 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించెను. పిదప దొరకు పరిహారము స్వల్పమగుటచేతనే ముందు పడు జాగ్రత్త అధికము కావలెను.

ప్రతి తగవునకును వకీలు కావలెనని నేను చెప్పుట లేదు. 1964 నాటి సహకార సంఘముల చట్టము క్రిందనున్న సంఘములలో సభ్యునకును, సంఘమునకును కలుగు వ్యవహార వివాదములు 61వ సెక్షను క్రింద రిజిస్ట్రారు వద్దకే పోవలెను. చెడు విత్తనముచే నష్టపడిన రైతు వినియోగదారుల కమీషనులో తానే వాదించుకొనవచ్చును. చెల్లించిన వెల 5 లక్షలు మించనిచో రుసుము లేదు. విత్తనోత్పత్తికై విత్తనము కొన్న రైతును వినియోగదారుడేయని, ఒడంబడికలో మధ్యవర్తి షరతున్నను ఫిర్యాదుకు అది అడ్డు కాదని, జాతీయ విత్తన సంస్థకును ఆంధ్ర ప్రదేశ్ రైతులకును జరిగిన వ్యాజ్యమున 2012లో తీర్పు వచ్చినది. ఇక స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు వారి ఆదాయముతో నిమిత్తము లేకయే, ఇతరులలో అల్పాదాయము గలవారికి కూడ, 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఉచితముగా న్యాయవాదిని ఇత్తురు. ఫోను సంఖ్య 15100. లోక్ అదాలతులో రాజీ కుదిరినచో చెల్లించిన కోర్టు రుసుము తిరిగి వచ్చును; ఆ నిర్ణయముపై అప్పీలు లేదు గనుక ఒప్పుకొనుటకు ముందు బాగుగ ఆలోచింపవలెను.

"సహకారమునకు నమ్మకమే పునాది, మనలో మనకు కాగితము లేల?" అని వృద్ధులు కొందరందురు. వారి మాటను గౌరవింతును. కాని నమ్మకము మన సభ్యుల నడుమనుండు ధనము. సంఘమునకు వెలుపలి వర్తకుడు ఆ ధనములో భాగస్వామి కాడు. పైగా సంఘపు సొమ్ము కార్యదర్శిది కాదు, అధ్యక్షునిది కాదు. మనిషినిబట్టి నమ్మి దానిని ఈయుటకు వారికి హక్కు లేదు. "చిన్న సంఘము, ఫీజు భరింపలేము" అనువారు పొరుగున నున్న మూడు నాలుగు సంఘములతో కలిసి ఒక్క న్యాయవాదిని సాలు ఫీజుపై కుదుర్చుకొనవచ్చును. ఎరువులను కలిసి కొనుట నేర్చినవారము, సలహాను కలిసి కొనుట నేర్వలేమా?

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున రెండు తీర్మానములు చేయుడని ప్రార్థించుచున్నాను. ఒకటి: సంఘము చేయు ప్రతి ఒడంబడికను సంతకమునకు ముందు న్యాయవాది చదువవలెను. రెండు: సంఘమునకు రావలసిన నోట్లు, చెక్కులు, వాని గడువులు ఒక పుస్తకమున వ్రాసి, నెలనెలా కార్యవర్గము ముందుంచవలెను. ఈ రెండింటికి కావలసినది ఒక పుస్తకము, ఒక కలము, ఏటికి స్వల్పమైన ఫీజు. ఇవి లేక పోగొట్టుకొనునది సంవత్సరపు పంట.