బొమ్మయు మాటయు: ఇటీవలి యానిమేషను చిత్రములలో కథాకథనము

పురాణకథను వినుట, చదువుట, చూచుట అను మూడును తెలుగువారికి క్రొత్తవి కావు. హరిదాసు వినిపించెను, పోతన చదివించెను, తోలుబొమ్మలవారు చూపించిరి. నేడు ఈ మువ్వురి స్థానమును యానిమేషను చిత్రము ఆక్రమించుచున్నది. తెలుగునాటికి దూరముగా, నోయిడా వంటి నగరమున పెరుగుచున్న తెలుగు బాలుడు ప్రహ్లాదుడెవరో, హనుమంతుడెవరో తెలిసికొనుట పెక్కుమార్లు ఈ చిత్రముల వలననే. కావున వీనియందు కథ చెప్పబడు తీరును గూర్చి భాషావేత్తలు ఆలోచింపవలసిన సమయము వచ్చినది. ఈ వ్యాసకర్త చిత్రకళాకోవిదుడు కాడు, ప్రేక్షకుడు మాత్రమే. ఐనను భాషాధ్యయనము వృత్తిగా గల ప్రేక్షకునకు ఒక లోపము స్పష్టముగా గోచరించును. బొమ్మకు లభించిన శ్రద్ధ మాటకు లభించుట లేదు. ఇది భాషకు సంబంధించిన లోపము మాత్రమే కాదనియు, కథనే క్రుంగదీయు లోపమనియు నా అభిప్రాయము.

ఉదాహరణమునకు మిక్కిలి ప్రసిద్ధమైన చిత్రమునే గ్రహింతము. 2025 జూలై 25వ తేదీన 'మహావతార్ నరసింహ' విడుదలయైనది. దర్శకుడు అశ్విన్ కుమార్. నిర్మించినవారు క్లీం ప్రొడక్షన్స్, సమర్పించినవారు హొంబాళే ఫిలిమ్స్. హిందీ, తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషలలో ఇది ప్రదర్శింపబడినది. భారతదేశమున నిర్మితమైన యానిమేషను చిత్రములలో ఇంతటి ధనార్జన చేసినది అంతకు ముందు మరియొకటి లేదు. ఈ పరంపరలో 2037 వరకు మరి ఆరు చిత్రములు రాగలవని నిర్మాతలు ప్రకటించిరి. 2025లో ఐదేండ్ల శిశువు 2037 నాటికి పదునేడేండ్లవాడగును. అనగా ఒక తరము బాల్యమంతయు ఈ కథకుని యెదుటనే గడువవచ్చును. ఇట్టి కథకుని పరీక్షించుట దోషాన్వేషణము కాదు, కర్తవ్యము.

గుణములను మొదట చెప్పుట న్యాయము. 2007 నాటి 'బాల్ గణేశ్' మొదలుకొని దేవతలను చిలిపి పిల్లలుగా చూపు చిత్రములకు అలవాటుపడిన ప్రేక్షకునకు ఇందలి గాంభీర్యము హర్షదాయకము. బాలప్రేక్షకుని తక్కువ చేసి చూచుట ఇందు లేదు. దితికశ్యపుల వృత్తాంతముతో ఆరంభించి, వరాహావతారమును నడిపి, పిదప ప్రహ్లాదునికడకు వచ్చిన కథాక్రమము కూడ సమంజసమే. తండ్రి పగకు మూలమేమో తెలియనిదే కుమారుని ధైర్యపు విలువ తెలియదు కదా.

చిక్కు అంతయు అటుపిమ్మట కలదు. భాగవత సప్తమస్కంధమును చదివినవారికి ప్రహ్లాదకథ ప్రధానముగా ఒక సంవాదమని వేరుగా చెప్పనక్కరలేదు. తండ్రి కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని, నీకు మేలని తోచినదేదో చెప్పుమని అడుగును. కుమారుడు చెప్పిన సమాధానము తండ్రికి రుచింపదు. శండామర్కులు మరల చదువు చెప్పి తీసికొనివత్తురు. మరల అదే ప్రశ్న, మరింత స్పష్టమైన అదే సమాధానము. కడపటి ప్రశ్న స్తంభమును గూర్చినది. ఈ మూడు ప్రశ్నల నడుమ ఏనుగులు, సర్పములు, విషము, అగ్ని, కొండకొమ్ములు వచ్చును గాని వానిని పురాణకర్త కొలది శ్లోకములలోనే దాటివేయును. భయము ఆయుధములలో లేదు. ప్రేమతో అడిగిన తండ్రికి తాను వినగోరని సత్యమును బిడ్డ శాంతముగా చెప్పుటలో ఉన్నది. స్తంభము పగులుట ఆ సంభాషణకు కడపటి వాక్యము వంటిది.

చిత్రమున ఈ నిష్పత్తి తలక్రిందులైనది. హింసలు విస్తరించినవి, కడపటి యుద్ధము మిక్కిలి విస్తరించినది, సంవాదము సంగ్రహమైనది. బొమ్మకు అనువైన దానిని పెంచి, మాటకు అనువైన దానిని తగ్గించుట ఇది. చూచుచున్నంతసేపు కన్ను చెదరును. ఇంటికి వచ్చిన పిమ్మట, ప్రహ్లాదుడు తండ్రితో ఏమన్నాడని పిల్లవానిని అడిగినచో, నరసింహుడు ఎట్లు గర్జించెనో చూపును గాని ప్రహ్లాదుని మాటను చెప్పజాలడు.

మాటను ప్రధానముగా గొన్న ప్రహ్లాదచిత్రములు మనకు లేకపోలేదు. 1932లో హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'యే. దానికి ఆధారము ధర్మవరము రామకృష్ణమాచార్యుల నాటకము. తెలుగు తెరపై మాట పుట్టినది ఈ కథతోననుట కేవలము యాదృచ్ఛికము కాదు; ఇది మాటలాడవలసిన కథ గనుకనే దానిని ఎన్నుకొనిరని ఊహింపవచ్చును. 1967 నాటి 'భక్త ప్రహ్లాద'లో ఎస్. వి. రంగారావు హిరణ్యకశిపునిగా, బాలనటి రోజారమణి ప్రహ్లాదునిగా నటించిరి. ఆనాటి తంత్రములు నేటి బాలునకు నవ్వు పుట్టింపవచ్చును. కాని ఆ తండ్రి కంఠమున క్రోధముతోపాటు పుత్రవాత్సల్యము వినిపించును. రెండును ఒకే గొంతులో వినబడినపుడే కథ విషాదమగును.

ఇచట డబ్బింగును గూర్చి ఒక మాట చెప్పవలెను. ఒకే బొమ్మకు ఐదు భాషల మాటలను అతికించునపుడు పెదవి కదలికయు, దాని కాలపరిమితియు ముందే నిర్ణయమై యుండును. తెలుగు అజంత భాష. ప్రత్యయములు పదమున లీనమై పదము దీర్ఘమగును. పొట్టి మాటలతో ముగియు వాక్యమునకు కుదిరిన పెదవికి తెలుగు వాక్యమును కుదుర్చుటకు రచయిత దానిని కత్తిరించును. కత్తిరించినపుడు మొదట పోవునవి సంబోధనలు, ఊతపదములు, నానార్థములు. అనగా పాత్రకు ప్రాణమిచ్చునవి. మిగులునది భావము మాత్రమే. రాజు, గురువు, పరిచారకుడు, శిశువు అందరును ఒకే పుస్తకభాషను పలుకుటకు కారణమిదియే. ఇంటి తెరపై భాషను ఎన్నుకొను వీలున్నచోట తల్లిదండ్రులు తెలుగును పెట్టగా పిల్లలు హిందీని కోరుట నోయిడాలోని తెలుగు కుటుంబములలో పలుమారు గమనించితిని. ఆ పిల్లలకు తెలుగుపై విముఖత కలదని తలంపరాదు. తమ అమ్మమ్మ పలుకు తెలుగు ఆ తెరపై లేదు. వీధిలో తాము పలుకు హిందీ కొంతయైనను అందు కలదు.

కథాంశముల విషయమున మరియొక పరిణామము జరుగుచున్నది. తులనాత్మక సాహిత్యాధ్యయనము చేయువారు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. నోయిడాలో ఫాల్గుణ పూర్ణిమనాడు ప్రతి సెక్టారులోను, ప్రతి సొసైటీలోను కట్టెలు పేర్చి హోలికాదహనము చేయుదురు. చిత్రమునను హోలిక ప్రహ్లాదుని ఒడిలో నుంచుకొని అగ్నిలో కూర్చుండును. అందుచేత బాలుడు చూచిన చిత్రమును, కాలిన మంటయు ఒకదాని నొకటి బలపరచుకొనును. కాని సంస్కృత భాగవత సప్తమస్కంధమున గాని పోతన రచనయందు గాని హోలిక లేదు. తెలుగునాట ఆ పూర్ణిమ కాముని పున్నమి, కాలువాడు మన్మథుడు. మరి మనకు మాత్రమే స్వంతమైన నరసింహకథ ఏది? 14వ శతాబ్దిలో ఎఱ్ఱాప్రగడ నృసింహపురాణమున అహోబిలమును కీర్తించెను. ఆ నల్లమలలోనే చెంచులు నరసింహుని తమ ఆడుబిడ్డను పెండ్లాడిన అల్లునిగా భావింతురు. సంక్రాంతి మొదలుకొని నలుబది దినములకు పైగా సాగు పారువేట ఉత్సవమున స్వామి తన కల్యాణమునకు ఆహ్వానించుటకు పల్లెపల్లెకు తరలివచ్చును. ఉగ్రమూర్తిని శాంతింపజేసినది ఒక అడవిపిల్ల అనుట ఎంతటి కల్పన! 1958 నాటి 'చెంచులక్ష్మి' చిత్రము వలన ఇది ఇంటింట తెలిసిన కథ. నూతన చిత్రమున హోలికకు తావు కలదు, చెంచులక్ష్మికి లేదు.

హోలికను తొలగింపవలెనని నా వాదము కాదు. ఉత్తరదేశమున శతాబ్దులుగా ప్రచారముననున్న కథను ఉంచుట ఉచితమే. కాని ఐదు భాషలలో పలికినంత మాత్రమున చిత్రము ఐదు సంప్రదాయములకు ప్రతినిధి కాజాలదు. భాష మారి కథ మారనిచో, ఒక ప్రాంతపు పాఠమే దేశమంతటి పాఠమగును. వ్రాతప్రతులలో పాఠభేదములను ప్రాణమువలె కాపాడు మనము, తెరపై పాఠభేదములు మాయమగుచుండగా చూచుచు ఊరకుండుట తగునా?

యానిమేషను బొమ్మల కళ గనుక దానికి మాటలతో పని తక్కువయని ఒక ఆక్షేపము రావచ్చును. ఇది కొంత నిజమే. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషను సంస్థ రూపొందించిన 'మైటీ లిటిల్ భీమ్' 2019లో నెట్‌ఫ్లిక్సులో వచ్చినది. అందు సంభాషణ లేదనవచ్చును. లడ్డూకై ప్రాకులాడు పసివాని చూపు, నడక, అలుక కథనంతయు చెప్పును. అనేక దేశముల శిశువులు దానిని చూచి ఆనందించిరి. మాట అక్కరలేని కథను ఎన్నుకొని మాట లేకుండ చెప్పుట నిజాయితీ గల కథనము. మాటయే ప్రాణమైన కథను ఎన్నుకొని మాటను చిన్నచూపు చూచుట వేరు.

ఈ విషయమున తోలుబొమ్మలాటకు మించిన గురువు లేడు. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో ఆ కళ ఇప్పటికిని జీవించియున్నది. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ పొందెను. తోలుబొమ్మ చదునైనది, ప్రక్కచూపు తప్ప దానికి వేరుచూపు లేదు, కీళ్లవద్ద మాత్రము కదలును. ఐనను ఆట తెల్లవార్లు సాగుటకు కారణము గాత్రము. రామకథకు రంగనాథరామాయణ ద్విపదలు ఆధారము. నడుమ కేతిగాడు, బంగారక్క ప్రవేశించి ఊరివారి పలుకుబడిలో మోటుహాస్యము పలుకుదురు. దేవతలకు ఒక భాష, జనులకు ఒక భాష. రెండింటి రాపిడిలో కథ రాజుకొనును. కోట్ల రూపాయల యంత్రసంపద గల నేటి చిత్రములకు లోపించినది ఈ రెండవ గొంతు.

తక్కినవానిని గూర్చి సంగ్రహముగా చెప్పుదును. యూగో సాకో, రామ్ మోహన్ ప్రభృతులు చేతితో గీయించి 1990వ దశకమున పూర్తిచేసిన రామాయణ చిత్రము 2025 జనవరిలో తెలుగుతో సహా పలుభాషలలో మన థియేటర్లకు వచ్చినది. అందు తొందర లేదు. అడవిని అడవిగా చూడనిచ్చిన ఆ నెమ్మదిని నేటివారు గమనింపదగును. 2025 అక్టోబరులో నెట్‌ఫ్లిక్సున వెలువడిన 'కురుక్షేత్ర' పదునెనిమిది భాగములలో పదునెనిమిదిమంది యోధుల దృష్టితో యుద్ధమును చెప్పినది. సంజయుని నోట యుద్ధమును వినిపించిన భారతకవి మార్గమునకు ఇది తగిన కొనసాగింపు. ఇటీవలి ప్రయత్నములలో కథనవిషయమున ఆలోచన కనబడినది ఇందే. ఇక 2024లో వచ్చిన 'బుజ్జి అండ్ భైరవ' వంటివి మరియొక చిత్రమునకు ముందుమాటలు. స్వతంత్రకథలుగా వానిని విమర్శించుట వానికి అన్యాయము.

విశ్వవిద్యాలయముల భాషాశాఖలు ఈ విషయమున చేయదగినవి కలవు. ప్రహ్లాదకథ, రామకథ వంటివానికి ప్రాంతీయ పాఠముల పట్టికలను సిద్ధపరచి చిత్రకర్తలకు అందుబాటులో నుంచవచ్చును. ఒకే చిత్రముయొక్క హిందీ, తెలుగు, తమిళ సంభాషణలను ప్రక్కప్రక్కనుంచి పరిశోధించిన విద్యార్థికి అనువాదశాస్త్రమున క్రొత్త క్షేత్రము లభించును. బాలుర చెవికి ఇంపైన, పాత్రోచితమైన తెలుగును వ్రాయుట ఒక విద్యగా బోధింపవచ్చును. సెక్టారు 16ఏలో ఫిల్మ్ సిటీ గల నోయిడాలో, ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు ఇంత చేరువలో, బహుభాషాపండితులును చిత్రకారులును కలిసి కూర్చుండుటకు దూరము ఆటంకము కాదు.

2037 నాటికి రాగల చిత్రములలో పరశురాముడు, రాముడు, కృష్ణుడు, కల్కి తెరపైకి రానున్నారు. బొమ్మలు నేటికంటె మిన్నగా ఉండుననుటలో సందేహము లేదు. ఆ బొమ్మలనోట పలుకు తెలుగు ఎట్టిదగునో, ఏ ఊరి కథలు అందు మిగులునో మాత్రము యంత్రములు నిర్ణయింపజాలవు. అది భాష నెఱిగినవారు నేడే పూనుకొనవలసిన పని.