నవ్వుల కింద పాతిపెట్టిన ముసలి ప్రాణాలు

హత్యను చూసి మనం నవ్వాలంటే ముందు చచ్చిపోయిన మనిషిని మరిచిపోవాలి. ఆ మరిపించే పనిని ‘ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్’ అనే అమెరికన్ సినిమా ఎనభై ఏళ్ళుగా ఎంతో సమర్థంగా చేస్తోంది. జోసెఫ్ కెసెల్రింగ్ రాసిన ఈ నాటకం 1941 జనవరిలో న్యూయార్కు బ్రాడ్వే రంగస్థలం మీదికొచ్చి 1,444 ప్రదర్శనలు ఆడింది. ఫ్రాంక్ కాప్రా దాన్ని సినిమాగా తీస్తే 1944లో విడుదలయింది. నాయకుడు కేరీ గ్రాంట్. ప్రపంచమంతటా ఔత్సాహిక నాటక బృందాలు ఇప్పటికీ దాన్ని ఆడుతూనే ఉన్నాయి. చావును హాస్యంగా చూపించడం ఎలాగో నేర్చుకోవడానికి ఇదొక పాఠ్యపుస్తకం అంటారు. ఆ పాఠం ఏమిటో స్త్రీలుగా మనం ఒకసారి చూడాలి.

కథ ఇది. బ్రూక్లిన్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్ళుంటారు. పెళ్ళి చేసుకోని, తల నెరిసిన, నోట్లో నాలుక లేని మంచి మనుషులు. నా అన్నవాళ్ళు లేని ముసలివాళ్ళు గది అద్దెకు అడుగుతూ వస్తే జాలిపడతారు. ఇంట్లో కాచిన ఎల్డర్‌బెర్రీ పండ్ల వైన్‌లో ఆర్సెనిక్, స్ట్రిక్నిన్, చిటికెడు సైనైడ్ కలిపి పోస్తారు. ఒంటరితనం నుంచి విముక్తి ప్రసాదించామని వాళ్ళ నమ్మకం. అలా పన్నెండు మంది నేలమాళిగలో సమాధి అవుతారు. మతి చెడిన అన్నకొడుకు ఒకడు, తాను పనామా కాలువ తవ్వుతున్నాననుకుంటూ ఆ గోతులు తవ్వుతుంటాడు. ప్రేక్షకులు పడి పడి నవ్వుతారు.

ఇప్పుడు నిజం చూద్దాం. ఈ కథకు ప్రేరణగా అందరూ చెప్పే మనిషి ఏమీ ఆర్చర్ గిల్లిగన్. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, విండ్సర్ అనే ఊళ్ళో 1907లో భర్తతో కలిసి ఒక వృద్ధాశ్రమం తెరిచింది. అక్కడ చేరేవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. 1,000 డాలర్లు ఒకేసారి కడితే చచ్చేదాకా కూడూ గూడూ చూస్తామని ఒప్పందం. 1907 నుంచి 1910 దాకా ఆ ఇంట్లో 12 మంది చనిపోయారు. 1911 నుంచి 1916 దాకా 48 మంది చనిపోయారు. మొదటి భర్త 1910లో పోయాడు. రెండో భర్త 1914లో, పెళ్ళయిన మూడు నెలలకే పోయాడు. ఎలుకల కోసమని మందుల దుకాణంలో ఆర్సెనిక్ కొనేది. ఆశ్రమానికి వచ్చిపోయే డాక్టరు ప్రతి మరణం సహజ మరణమేనని రాసిచ్చేవాడు.

అసలు సంగతి ఆ ఒప్పందంలోనే ఉంది. సొమ్ము ముందే చేతిలో పడింది. ఇక ఆ ముసలిప్రాణం బతికే ప్రతి రోజూ ఆశ్రమానికి ఖర్చే. ఆ ప్రాణం పోయిన రోజు మంచం ఖాళీ అవుతుంది, ఇంకో 1,000 డాలర్లు వస్తాయి. అంటే మనిషి తొందరగా చావడంలోనే లాభం ఉండేట్టు లెక్క కుదిరింది. విషం కలిపిన చెయ్యి ఏమీది. ఆ చేతికి పని పెట్టింది ఈ లెక్క.

సినిమా ఏం చేసింది? మొట్టమొదట ఈ లెక్కను చెరిపేసింది. డబ్బు కోసం జరిగిన హత్యలను దయతో చేసిన దానధర్మంగా మార్చింది. నలభై ఏళ్ళు దాటిన ఒక వ్యాపారస్తురాలిని తీసి పక్కనపెట్టి, ఆమె స్థానంలో ఇద్దరు పెళ్ళికాని ముసలివాళ్ళను నిలబెట్టింది. పెళ్ళి చేసుకోని ఆడది, ముసలిది, కాస్త పిచ్చిది. పితృస్వామ్యం తరతరాలుగా నవ్వుకుంటున్న మూడు బొమ్మలనూ ఒకే చోట చేర్చింది. వంటింట్లో ఆప్యాయంగా వడ్డించే చెయ్యే విషం పెడుతుందన్న పాత భయాన్ని గిలిగింతగా అమ్ముకుంది. చనిపోయినవాళ్ళకు ఊరూ పేరూ లేకుండా చేసింది. నిజంగా జరిగినదాంట్లో సమాధులు తవ్వి ఐదు శవాలను పరీక్షిస్తే అన్నిట్లోనూ విషం దొరికింది. ఆ ఐదుగురిలో ఇద్దరు స్త్రీలు. సినిమాలో చచ్చేవాళ్ళంతా మగవాళ్ళే.

సినిమా చెరిపేసిన మనిషి మరొకరున్నారు. ఆమె పేరు నెల్లీ పియర్స్. ఆమె సోదరుడు ఫ్రాంక్లిన్ ఆండ్రూస్ ఆ ఆశ్రమంలో ఉండేవాడు. 1914 మే నెలాఖరులో, పొద్దున తోటపని చేసుకుంటూ కనిపించిన మనిషి ఒక్కరోజు తిరక్కుండానే చనిపోయాడు. కడుపులో పుండు అని రాసిచ్చారు. నెల్లీ పియర్స్ నమ్మలేదు. అతని ఉత్తరాలు వెతికింది. ఏమీ అతన్ని డబ్బు కోసం పీడిస్తోందని వాటిలో ఉంది. ప్రభుత్వ న్యాయవాది దగ్గరికి పోతే పెడచెవిన పెట్టాడు. ఆమె ‘హార్ట్‌ఫర్డ్ కూరంట్’ పత్రిక దగ్గరికి వెళ్ళింది. విలేఖరులు నెలల తరబడి మరణాల లెక్కలూ విషం కొన్న లెక్కలూ తీశారు. 1916 మేలో వార్త బయటికొచ్చింది, ఏమీ అరెస్టయింది. 1917లో ఉరిశిక్ష పడింది. పైకోర్టు దాన్ని కొట్టేసి మళ్ళీ విచారించమంది. 1919లో ఆమె నేరం ఒప్పుకుంటే యావజ్జీవం పడింది. 1924లో పిచ్చాసుపత్రికి పంపారు. 1962లో అక్కడే చనిపోయింది. తన ఊరి చావులు హాస్యంగా మారి తెరకెక్కిన తర్వాత కూడా ఆమె పద్దెనిమిదేళ్ళు అక్కడ బతికే ఉంది.

అనుమానించిన ఒక స్త్రీ, పట్టువదలని ఒక స్త్రీ లేకపోతే ఆ లెక్క ఇంకెన్నాళ్ళు సాగేదో! అలాంటి మనిషికి సినిమాలో చోటు లేదు. ఉండడానికి వీల్లేదు కూడా. చనిపోయినవాళ్ళ కోసం ఏడ్చే మనిషి ఒక్కరు తెరమీదికొచ్చినా ఆ నవ్వు ఆగిపోతుంది.

ఎక్కడో అమెరికాలో నూరేళ్ళ కిందటి సంగతి మనకెందుకని అడగవచ్చు. హైదరాబాదు పడమటి దిక్కుకు చూడండి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయినప్పుడు అక్కడికొచ్చింది పాతికేళ్ళ కుర్రకారు. ఇప్పుడు వాళ్ళ తల్లిదండ్రులు ముసలివాళ్ళయ్యారు. కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల, తెల్లాపూర్ అపార్టుమెంట్లలో పధ్నాలుగో అంతస్తులో, పదిహేడో అంతస్తులో ఒంటరి తల్లులున్నారు. కొడుకు డల్లాస్‌లో, కూతురు న్యూజెర్సీలో. లేదా కొడుకూ కోడలూ ఈ ఊళ్ళోనే ఉన్నా పగలూ రాత్రీ ఉద్యోగమే. ఊళ్ళో ఇల్లూ పొలమూ అమ్మిన డబ్బు పిల్లల పేరిట మారింది. తల్లి ఏజెన్సీ పంపిన అమ్మాయి చేతిలోనో, లక్షల డిపాజిట్ తీసుకునే ఆశ్రమం చేతిలోనో పడింది. ముందే సొమ్ము తీసుకుని చివరిదాకా చూస్తామనే ఒప్పందం మన గడపలోకీ వచ్చింది. ఆశ్రమాలు నడిపేవాళ్ళంతా హంతకులని మనం అనడం లేదు. మనిషి ఎంత తక్కువ కాలం బతికితే అంత లాభం అనే లెక్క ఉన్న చోట, ఆ లెక్కను కనిపెట్టి చూసే కన్ను ఒకటి ఉండాలంటున్నాం.

ఆ కన్ను ఉందా? 2013 అక్టోబరులో ఈ కారిడార్‌లోనే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిపై అత్యాచారం జరిగితే ఊరంతా కదిలింది. 2014లో షీ టీమ్స్ వచ్చాయి. అది స్త్రీల ఆందోళన సాధించుకున్నదే. కానీ ఆ ఉద్యోగిని తల్లి గురించి, గదిలో మంచానికి అంటుకుపోయిన ఆ స్త్రీ భద్రత గురించి ఎవరూ అడగలేదు.

చట్టాల సంగతి చూద్దాం. కోడళ్ళను కాల్చి చంపుతుంటే, విషం తాగించి ఆత్మహత్య అంటుంటే, దేశమంతటా స్త్రీలు వీధికెక్కారు. ఫలితంగా 1983లో నేరవిచారణ స్మృతి 174వ సెక్షన్‌ను సవరించారు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ అనుమానాస్పదంగా చనిపోతే శవపరీక్ష జరిపించాలన్నారు. ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో అది 194వ సెక్షన్‌గా ఉంది. అంటే పడుచు కోడలి చావును అనుమానించడం చట్టానికి మనం నేర్పాం. అత్త చావును అనుమానించడం ఇంకా ఎవరూ నేర్పలేదు. చట్టం అడ్డుపడదు, ఎవరి మరణమైనా అనుమానం ఉంటే పరీక్షించవచ్చు. అనుమానపడే మనిషే ఉండదు. “అదృష్టవంతురాలు, మంచాన పడకుండా సునాయాసంగా పోయింది” అంటాం. ఆ మాటతో విచారణ ముగిసిపోతుంది. విండ్సర్ డాక్టరు సంతకం పెట్టి చేసిన పనిని మనం సానుభూతి మాటలతో చేస్తున్నాం.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2019 నవంబరులో ఏలూరు పోలీసులు ఒక మనిషిని అరెస్టు చేసి, ఇరవై నెలల్లో ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో పదిమందిని ప్రసాదంలో విషం పెట్టి చంపాడని ప్రకటించారు. వాళ్ళలో అతని సొంత అమ్మమ్మ తరం మనిషి కూడా ఉందన్నారు. చాలా ఇళ్ళల్లో అవి మామూలు చావులేననుకుని కర్మకాండలు కూడా చేశారు. చివరికి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి ఇంట్లోవాళ్ళు, ఒంటిమీది బంగారం ఏమయిందని అడిగితే గుట్టు బయటపడింది. 2024 సెప్టెంబరులో తెనాలిలో ముగ్గురు స్త్రీలను అరెస్టు చేశారు. సైనైడ్ కలిపిన తిండీ తాగుడూ ఇచ్చి నలుగురిని చంపారని పోలీసుల ఆరోపణ. చనిపోయిన నలుగురిలో ముగ్గురు స్త్రీలు, అందులో ఒకామె నిందితురాలి అత్తగారే. ఆ రోజుల్లో టీవీ చానళ్ళు నిందితురాళ్ళ ముఖాలను పదే పదే చూపించాయి, ‘లేడీ కిల్లర్స్’ అంటూ సంబరపడ్డాయి. చనిపోయిన స్త్రీలు ఎవరు, ఎలా బతికారు, రెండేళ్ళపాటు ఆ మరణాలను ఎవరూ ఎందుకు అడగలేదు అన్నవి ఎవరికీ పట్టలేదు. రేపు దీన్నీ ఎవరో ఒకరు డార్క్ కామెడీగా తీస్తారు. తెరమీద విషకన్యలు ఉంటారు. బాధితులు ఉండరు.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని కూడా చెప్పుకోవాలి. ఇలాంటి సినిమాలూ వార్తలూ చూసి జనం భయపడితే, ఆ భయం ఎవరిమీద పడుతుంది? పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చి, ఇరవై నాలుగు గంటలూ ఆ ఫ్లాట్‌లోనే ఉండి, మలమూత్రాలెత్తే పేద స్త్రీ మీద పడుతుంది. వారానికో సెలవు లేదు. జీతంలో ఏజెన్సీ కమీషన్ పోతుంది. గొలుసు కనిపించకపోతే మొదట వెతికేది ఆమె సంచినే. విండ్సర్‌లో విషం పెట్టింది పనిమనిషి కాదని గుర్తుంచుకుందాం. ఒప్పందాల మీద సంతకాలు చేయించుకున్న యజమానురాలు. ముసలితల్లి, ఆమెను చూసుకునే స్త్రీ, ఇద్దరూ ఒకే తాళం వెనకాల ఉన్నారు. ఒకరినొకరికి శత్రువులుగా నిలబెట్టే కథ ఏదైనా తాళం ఎవరిదో దాచడానికే.

హాస్యం మీద ఆంక్షలు పెట్టమంటున్నారా అని మిత్రులు అడుగుతారు. నిషేధాలు మనం కోరడం లేదు. కాప్రా సినిమాను ఆపమనడం లేదు. చావు గురించి నవ్వడం మన జానపదులకు తెలియని విద్యేమీ కాదు. నవ్వు ఎవరి పక్షాన నిలబడిందన్నదే ప్రశ్న. కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టిన డాక్టరు, ఫిర్యాదు పక్కన పడేసిన న్యాయవాది, ముసలివాళ్ళను వదిలించుకుని డబ్బు కట్టి ఊపిరి పీల్చుకున్న బంధువులు: నవ్వదలిస్తే వీళ్ళున్నారు. పక్కనే తమిళనాడులో ముసలివాళ్ళకు తలకు నూనె పోసి, చన్నీళ్ళతో చంపే ‘తలైకూత్తల్’ ఆచారం ఉంది. అక్కడా చెప్పేది దయ అనే. దానిమీద ప్రియా కృష్ణస్వామి ‘బారం’ అనే సినిమా తీసింది. 2018 సంవత్సరానికి ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమా చనిపోయిన మనిషి పక్కన నిలబడింది. దయ అనే ముసుగును తీసి చూపించింది.

ఇక చెయ్యాల్సిన పని ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్, చూసుకుంటారన్న షరతుమీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే వెనక్కి తెచ్చుకునే హక్కునిచ్చింది. ఇది మన తల్లుల్లో ఎంతమందికి తెలుసు? ప్రైవేటు ఆశ్రమాలూ ఇంటికొచ్చి సేవలందించే ఏజెన్సీలూ తప్పనిసరిగా రిజిస్టరు కావాలంటూ 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే 2024లో ఆ లోక్‌సభతోపాటే మురిగిపోయింది. దాన్ని మళ్ళీ తెమ్మని అడగాలి. ఆశ్రమంలో జరిగే ప్రతి మరణాన్నీ అధికారులకు తెలియజేయాలి. మరణ కారణాన్ని ఆశ్రమం జీతమిచ్చే డాక్టరు కాకుండా బయటి డాక్టరు ధ్రువీకరించాలి. డిపాజిట్ సొమ్ము యజమాని జేబులో కాక విడిగా బ్యాంకులో ఉండాలి, మనిషి పోతే వారసులకు లెక్క చెప్పాలి. సేవచేసే స్త్రీలకు వారం సెలవు, సరైన జీతం, పనిగంటలు కావాలి. మహిళా సంఘాలు ఏ రోజైనా లోపలికి వెళ్ళి ఆ తల్లులతో విడిగా మాట్లాడే హక్కు ఉండాలి.

1914లో నెల్లీ పియర్స్‌కు సంఘం లేదు, చట్టం లేదు. సోదరుడి ఉత్తరాలు మాత్రమే ఉన్నాయి. అవి పట్టుకునే ఆమె అడగాల్సింది అడిగింది. మనకు ఇవాళ సంఘాలున్నాయి. మాదాపూర్‌లోనో మియాపూర్‌లోనో ఒక ముసలమ్మ హఠాత్తుగా పోయిందని తెలిసినప్పుడు, పోనీలే అనకుండా, ఎలా పోయిందని అడుగుదాం.