మచ్చ దిద్దుబాటుకు విదేశీ ప్రయాణం: తెలుగు కుటుంబాలకు విజ్ఞప్తి

గాయం మానేటప్పుడు తెగిన చర్మాన్ని శరీరం కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులతో అతుకు వేస్తుంది. ఆ అతుకే మచ్చ. కొత్త మచ్చ ఎర్రగా, గట్టిగా, దురదగా ఉండి, దాదాపు ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు మారుతూనే ఉంటుంది. రంగు తగ్గి, మెత్తబడి, స్థిరపడ్డాకనే దాన్ని పక్వమైన మచ్చగా వైద్యులు పరిగణిస్తారు. మచ్చను దిద్దే శస్త్రచికిత్స ఏదైనా పాత మచ్చ స్థానంలో అంతకన్నా నయమైన మరో మచ్చను నిలపగలదే తప్ప చర్మాన్ని మునుపటిలా చేయలేదు కనుక, ఆపరేషను ముగిసిన నాటికి ఆ కొత్త మచ్చ వయస్సు ఒక్క రోజే. వారం పది రోజుల ప్యాకేజీ మీద ఇస్తాంబుల్, బ్యాంకాక్, సియోల్ వంటి నగరాలకు వెళ్లదలచినవారు, మూడు వారాల సెలవులో అమెరికా నుంచో గల్ఫ్ నుంచో హైదరాబాదు వచ్చి ఈ పని ముగించుకోదలచిన ప్రవాసులు (వారికి ఈ విషయంలో స్వదేశమే విదేశం) ముందుగా చూసుకోవలసినది ఈ కాలం లెక్కనే.

అన్ని మచ్చలూ ఒకటి కావు. గాయం హద్దులోపలే ఉబ్బి, కాలక్రమంలో కొంత అణిగే మచ్చ ఒక రకం కాగా, హద్దు దాటి పక్కనున్న మంచి చర్మంలోకి పాకే మచ్చ మరో రకం. ఈ రెండోదాన్ని కెలాయిడ్ అంటారు. చెవి తమ్మెల మీద, రొమ్ము నడుమ, భుజాల మీద ఎక్కువగా వచ్చే కెలాయిడ్ తెల్లచర్మం వారిలో కన్నా నల్లని, చామనచాయ చర్మం ఉన్నవారిలో ఎక్కువ. దాన్ని కోసి తీసి ఊరుకుంటే చాలామందిలో తిరిగి పెరుగుతుంది, ఒక్కోసారి మొదటికన్నా పెద్దదిగా పెరుగుతుంది. అందుకే కోతతో పాటు కొన్ని వారాలకొకసారి చొప్పున నెలల తరబడి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, సిలికోన్ పట్టీలు, కొందరికి రేడియేషన్ కూడా అవసరమవుతాయి.

కాలిన గాయాల సంగతి ఇంకా భిన్నం. మెడ మీద, మోచేతి మడతలో, వేళ్ల నడుమ మచ్చ బిగిసి కీలు కదలకుండా చేయడాన్ని కాంట్రాక్చర్ అంటారు. మచ్చను ఇంగ్లిషు ‘జడ్’ అక్షరం ఆకారంలో కోసి, ఏర్పడిన రెండు త్రికోణపు రెక్కలను ఒకదాని చోటికి మరొకటి మార్చి కుట్టడం ద్వారా బిగువును సడలించేది జడ్‌ప్లాస్టీ. తొడ వంటి చోటినుంచి పలుచని చర్మపు పొర తీసి అతికించేది స్కిన్ గ్రాఫ్టింగ్. అతికిన చర్మానికి మళ్లీ ముడుచుకునే గుణం ఉన్నందున, కీలును చాచి ఉంచే పట్టీలు, ఒత్తిడి కలిగించే బిగుతు దుస్తులు, రోజువారీ ఫిజియోథెరపీ నెలల కొద్దీ సాగకపోతే మంచి ఆపరేషను కూడా వృథా అవుతుంది.

మచ్చల చికిత్స కోసం జరిగిన విదేశీ ప్రయాణాల్లో పేరొందినది 1955 నాటిది. హిరోషిమా అణుబాంబు మంటల్లో ముఖాలు, చేతులు కాలి, కెలాయిడ్లతోనూ కాంట్రాక్చర్లతోనూ పదేళ్లు గడిపిన 25 మంది యువతులను, కియోషి తానిమోటో అనే క్రైస్తవ మతబోధకుడు, నార్మన్ కజిన్స్ అనే అమెరికన్ సంపాదకుడు పూనుకొని ఆ ఏడాది మే నెలలో న్యూయార్కు చేర్చారు. మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో ఆర్థర్ బార్స్కీ నాయకత్వంలోని సర్జన్లు వారికి 130కి పైగా ఆపరేషన్లు చేశారు. ఆపరేషన్ల నడుమ నెలల్లో క్వేకర్లనే క్రైస్తవ శాఖ కుటుంబాలు వారిని తమ ఇళ్లలో ఉంచుకున్నాయి. జపాను వైద్యులు వెంట వెళ్లి ఆ పద్ధతులను దగ్గరుండి గమనించారు. చివరి బృందం ఇల్లు చేరేసరికి 1956 ముగియవచ్చింది. ఇంత జాగ్రత్తలోనూ ఒక యువతి మత్తులో ఉండగా గుండె ఆగి మరణించింది. నాడు తిరుగు ప్రయాణం తేదీని మచ్చలు నిర్ణయించాయి. నేటి ప్యాకేజీల్లో మచ్చలకే తిరుగు టికెట్టు గడువు పెడుతోంది.

ఆ తొందరకు మూల్యం తరచు ఇంటికి వచ్చాక బయటపడుతుంది. ఆపరేషను వెంటనే గంటల తరబడి విమానంలో కదలక కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం పెరుగుతుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో సౌందర్య శస్త్రచికిత్సలు చేయించుకుని 2013, 2014 సంవత్సరాల్లో తిరిగివచ్చిన అమెరికన్లలో కొందరికి మైకోబాక్టీరియం ఆబ్సెసస్ అనే సూక్ష్మజీవి సోకింది. క్షయ క్రిములకు దూరపు బంధువైన ఈ జీవి కోత వెంట గడ్డలుగా వారాలు, నెలల తరువాత తలెత్తి, సాధారణ యాంటీబయోటిక్‌లకు లొంగదు. ఆపరేషను వివరాలు తెలియని స్థానిక వైద్యుడు దాన్ని పోల్చుకోవడం కష్టం. లేజర్ విషయంలో చర్మపు రంగే ప్రధానం: తెల్లచర్మానికి కుదిరిన తీవ్రతను చామనచాయకు వాడితే పాత మచ్చ చుట్టూ కొత్త నల్లమరక మిగలవచ్చు.

కనుక వెళ్లడం తప్పనిసరి అనుకున్నవారు మధ్యవర్తితో మాట్లాడి తృప్తిపడక, ఆపరేషను చేసే సర్జను పేరు, అర్హత, తమవంటి చర్మం మీద ఆయనకున్న అనుభవం రాతపూర్వకంగా తెలుసుకోవలసి ఉంటుంది. మత్తు, మందులు, కోత, కుట్ల వివరాలున్న పూర్తి నివేదికను ఇంగ్లిషులో చేతికి తీసుకోకుండా ఆసుపత్రి వదలకూడదు. మామూలు ప్రయాణ బీమా ముందే నిశ్చయించుకున్న చికిత్స వల్ల వచ్చే చిక్కులకు సాధారణంగా వర్తించదన్నది పాలసీ చదివితే తెలిసే విషయమే, కాని చదివేవారు అరుదు. ఆమ్లదాడి బాధితులకు పునర్నిర్మాణ శస్త్రచికిత్సలతో సహా ఉచిత వైద్యం ప్రైవేటు ఆసుపత్రులు కూడా అందించాలని భారత సుప్రీంకోర్టు 2015లో ఆదేశించింది. వారి కుటుంబాలు అప్పుచేసి పరదేశం చేరకముందే ఆ హక్కును అడగాలి. కాలిన బిడ్డల కోసం చందాలు పోగుచేసే ప్రవాస సంఘాలకు ప్రత్యేక మనవి: విమాన ఖర్చు, ఆపరేషను ఖర్చు లెక్కగట్టినట్లే తరువాతి ఏడాది ఫిజియోథెరపీకి, బిగుతు దుస్తులకు, రాకపోకలకు అయ్యే ఖర్చును కూడా మొదటే లెక్కగట్టి విడిగా ఉంచండి.

తిరిగి వచ్చాక మూడో నెలలో, ఆరో నెలలో, ఏడాది నాడు ఆ మచ్చను చూసే బాధ్యత తీసుకుంటానని సొంత ఊరికి దగ్గరలోని ప్లాస్టిక్ సర్జను ఒకరు ఒప్పుకునేంతవరకు టికెట్టు కొనవద్దని తెలుగు కుటుంబాలన్నిటికీ విజ్ఞప్తి.