సేవ కాదు, బాకీ

ఫార్మసీ చదివి ఏం చేస్తారని మమ్మల్ని అడుగుతారు. పాతబస్తీకే తిరిగి పోతామంటే రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, 'ఎంత సేవాభావం!' రెండోది, 'మీవాళ్లు గల్లీలు దాటి రారు కదా!' ఆ పొగడ్తా వద్దు, ఈ ఎత్తిపొడుపూ వద్దు. ఎందుకు పోతామో మేమే చెప్తాం.

హైదరాబాదు మందుల నగరం. 1961లో ఏర్పడ్డ ఐడిపిఎల్ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఆ తర్వాత ఎన్నో ప్రైవేటు కంపెనీలు లేచాయి. ఇక్కడి మాత్రలు అమెరికా దాకా పోతాయి. మూసీ దాటి మా తలాబ్‌కట్టకొచ్చేసరికి స్ట్రిప్పులోంచి కత్తిరించిన నాలుగు ముక్కలవుతాయి. వాటి మీద పేరుండదు, గడువు తేదీ ఉండదు. అయిదు రోజుల యాంటీబయాటిక్ రెండు రోజులకే కొంటాం. ఆటో నడిపే అబ్బా జేబులో ఆ పూటకున్నది అంతే. జబ్బు తిరగబెడితే మళ్లీ మేమే 'చదువురాని సాయిబులం'!

డాక్టరు చీటీకి మందివ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టేనని 1948 నాటి ఫార్మసీ చట్టం చెప్తుంది. చాలాచోట్ల ఆయన సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది, ఆయన మాత్రం కనపడడు. కాగితం కిరాయికి పోయింది. ఇచ్చినవాళ్లలో, తీసుకున్నవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. దాచం. మా బీమారీ మేం చెప్పుకోకపోతే ఇంకెవరు చెప్తారు?

అమ్మీకి షుగరు. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. ఆమెకొచ్చింది ఉర్దూ. రోజా ఉండేముందు డాక్టరునడిగి మాత్రల వేళలు మార్చుకోవాలని కౌంటరులో ఎవరైనా చెప్పారా? మగవాళ్ల ముందు తమ జబ్బు పేరెత్తలేక ఎంతమంది ఆడవాళ్లు ఉత్తచేతుల్తో తిరిగిపోయారు? బురఖా మీద తెల్లకోటు తొడిగిన మా చెల్లె ఆ కౌంటరు వెనక నిలబడితే ఏం మారుతుందో వాళ్లనే అడగండి.

2006లో సచార్ కమిటీ మా వెనుకబాటును అంకెల్లో చూపింది. 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషన్ మాలో కొందరిని కాలేజీ గడప ఎక్కించింది. 2018 నుంచి బస్తీ దవాఖానాలొచ్చాయి. మంచిదే. కానీ మందు చేతికిచ్చి, అర్థమయ్యే భాషలో చెప్పే మనిషి కావాలి. అది దయ కాదు, హక్కు.

లాడ్‌బజార్ గాజులకు రాళ్లతికిన చేతులు మా ఫీజులు కట్టాయి. ఆ చేతులకు మేం బాకీ. దానికి సేవ అని పేరు పెట్టి మమ్మల్ని పెద్ద చేయకండి, వాళ్లను చిన్న చేయకండి.

గల్లీ దాటి రారంటారా? మీరెన్నిసార్లు మూసీ దాటి వచ్చారు? రండి. మతం అడగం. చీటీ చదివి చెప్తాం.