అమ్మకి చెప్పలేని మాట ఎక్కడ చెప్పుకోవాలి?

మన నరసాపురంలో ఏ అరుగు మీద చూసినా లేసు అల్లుకుంటూ నలుగురు ఆడవాళ్లం కనిపిస్తాం. కోడళ్ల కాన్పుల నుంచి చీటీ డబ్బుల దాకా అన్నీ మాట్లాడుకుంటాం. ఫలానా వాళ్లబ్బాయికి అమ్మాయిలంటే ఇష్టం లేదటా అనే మాట వస్తే మాత్రం గొంతులు తగ్గిపోతాయి.

నాకు తెలిసినావిడ కొడుకు ఇంజనీరింగ్ పూర్తయ్యాక ఆ మాట తనే తల్లికి చెప్పాడు. ఆవిడ దిష్టి తీయించింది, తాయెత్తు కట్టించింది, చివరికి వేరే ఊళ్లో ఓ డాక్టరుకి చూపించింది. ఫీజు తీసుకుని ఆయన చెప్పింది ఒక్కటే: "పెళ్లి చేసేయండమ్మా, అదే సర్దుకుంటుంది." మర్నాటి నుంచే సంబంధాలు వెతకడం మొదలు. ఆ కుర్రాడి సంగతి అలా ఉంచండి, ఏ పాపమూ ఎరగని ఓ ఆడపిల్ల మెడలో తాళి కడితే ఆ పిల్ల గతేంటండీ? కట్నం పోసి కూతుర్ని పంపే తల్లులం మనమే కదా!

ఇది జబ్బు కాదు. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. ఇలాంటి వాళ్లని మార్చేస్తామని వైద్యం చేయడం డాక్టరు వృత్తికే తప్పని 2022లో జాతీయ వైద్య కమిషన్ తేల్చింది. ఈ సంగతి మన దాకా రాలేదు. వచ్చినా, సరైన మాట చెప్పే మనిషి దగ్గర్లో లేకపోతే తల్లి తాయెత్తు దగ్గరికే పోతుంది. తప్పు ఆవిడదేనని నేననను.

అలాంటి చోటు ఒకటి హైదరాబాదులో ఉంది. 2021 జనవరిలో నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ అని పెట్టారు. ట్రాన్స్‌జెండర్లే నడిపే క్లినిక్ దేశంలో అదే మొదటిది. హార్మోన్ల గురించి సలహా, హెచ్ఐవీ పరీక్షలు, మందులు, మనసు బాగోకపోతే కౌన్సెలింగ్, అన్నీ ఒకే కప్పు కింద, పేదవాళ్లకి అందే ఖర్చులో. వచ్చినవాళ్లని ఎగాదిగా చూసేవాళ్లుండరు. నా దృష్టిలో సగం వైద్యం అదే.

డబ్బులు మాత్రం అమెరికా ప్రభుత్వ సాయం నుంచి వచ్చేవి. 2025 మొదట్లో అక్కడ ఒక్క సంతకంతో సాయం ఆగింది, ఇక్కడ క్లినిక్ మూతపడింది. తర్వాత టాటా ట్రస్టులు ముందుకొస్తే సబ్‌రంగ్ అనే పేరుతో మళ్లీ తెరిచారు. సంతోషమే. కానీ మన పిల్లల ఆరోగ్యం ఎవరి దయ మీదో ఎందుకు ఆధారపడాలి? పైగా మన ఊరి పిల్లాడు రాత్రి బండెక్కి హైదరాబాదు పోవాలంటే ఇంట్లో ఏం చెప్పి వెళ్తాడు?

ఫోనుంది కదా అంటారేమో. నిజమే, 14416కి చేస్తే టెలి మానస్ వాళ్లు పగలైనా రాత్రైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు రాసి పెట్టుకోండి. కాకపోతే రెండు గదుల ఇంట్లో, పక్కనే నాన్న పేపరు చదువుతుంటే ఏ పిల్ల నోరు విప్పుతుంది? గోదావరి గట్టు మీదకెళ్లి మాట్లాడదామన్నా ఆడపిల్లని ఒంటరిగా పంపుతామా?

మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకి నెలకి 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. మంచిదే, కాదనను. ఇంటి గుమ్మంలోకి పింఛను పంపే ప్రభుత్వం, ప్రతి ఏరియా ఆసుపత్రికీ వారానికో పూట శిక్షణ పొందిన కౌన్సిలర్ని పంపలేదా? కొత్త భవనం అక్కర్లేదు. తలుపు వేసుకోవడానికి వీలుండే ఓ గది, రెండు కుర్చీలు, విన్నది బయట పెట్టని మనిషి ఉంటే చాలు. పిల్లలకే కాదు, తల్లులకీ అక్కడ చోటుండాలి. "నా పెంపకంలో ఏం లోపమో" అని రాత్రిళ్లు కుమిలిపోయే ఆవిడకి, లోపం ఏమీ లేదమ్మా అని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

గది బయట బోర్డు మీద ఏం రాయాలని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కుటుంబ సలహా అని రాస్తే సరి. షుగరు మాత్రలకొచ్చానని చెప్పి కూడా లోపలికెళ్లొచ్చు.