పానా పట్టినవారి మాట

ఆర్టీసీ గ్యారేజీలోనైనా, ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ షెడ్డులోనైనా, విద్యుత్ సబ్‌స్టేషన్ దగ్గరైనా నలుగురు పనివాళ్లు కూర్చుని టీ తాగే వేళ ఒక మాట తరచు వినబడుతుంది: మనకంటూ వేరే యూనియన్ ఉంటే బాగుండును. ఆ మాట చెవిన పడగానే ఐక్యతను చెడగొడుతున్నారని పెద్ద యూనియన్ల నాయకులు కసురుకుంటారు. కానీ అది ఊరికే పుట్టిన మాట కాదు. కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చిన ఈ సమయంలో దాన్ని ఓపికగా వినవలసిన అవసరం మరీ ఉంది.

ఏ ఆర్టీసీ డిపోలో చూసినా డ్రైవర్లు, కండక్టర్లే అధిక సంఖ్యాకులు. మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, టైర్ల పనివాళ్లు, శ్రామిక్‌లు అందరినీ కలిపినా మొత్తం సిబ్బందిలో చిన్న భాగమే. యూనియన్ ఎన్నికలు వచ్చాయంటే ఓట్లు ఎక్కువగా ఉన్న వైపే నాయకుడి దృష్టి ఉంటుంది. అందులో ఆయనను తప్పు పట్టవలసిందీ పెద్దగా లేదు. డ్యూటీ చార్టులు, బదిలీలు, సస్పెన్షన్లు డిమాండ్ల పత్రంలో ముందు వరుసలోకి వస్తాయి. గ్యారేజీ పిట్‌లో నీళ్లు నిలుస్తున్నాయనో, జాకీలు అరిగిపోయాయనో, రాత్రి షిఫ్టులో మనుషులు చాలడం లేదనో రాసిన పంక్తి చివరి పేజీకి చేరుతుంది. చర్చలు బిగుసుకున్నప్పుడు ముందుగా వదులుకునేదీ ఆ పంక్తినే.

ఆ పంక్తి వెనకున్న పని ఎలాంటిదో చూడాలి. బస్సులన్నీ డిపోకు చేరిన తర్వాతే గ్యారేజీ పనివారికి అసలు పని మొదలవుతుంది. డ్రైవరు రాసిచ్చిన లోపాలు చూసుకుని, తెల్లవారుజామున బయల్దేరే మొదటి సర్వీసుకు బండిని సిద్ధం చేయాలి. స్టోర్‌లో విడిభాగం లేకపోతే ఆగిపోయిన బండి నుంచి ఊడదీసి నడిచే బండికి బిగించాలి. దారిలో బండి నిలిచిపోయినా, లీటరు డీజిల్‌కు నడిచే కిలోమీటర్లు (కేఎంపీఎల్) తగ్గినా సంజాయిషీ ఇచ్చుకోవాలి. లైన్‌మన్ బతుకు ఇంకా కష్టం. సరఫరా ఆపించే లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకుని స్తంభం ఎక్కిన తర్వాత సబ్‌స్టేషన్‌లో ఎవరైనా పొరపాటున సరఫరా ఇచ్చినా, ఏ ఇంటి జనరేటర్ నుంచో కరెంటు వెనక్కి తన్నినా ప్రాణం మీదికి వస్తుంది. విమానాశ్రయంలోనైతే లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకం చేస్తే తప్ప మరమ్మతు జరిగిన విమానం గాల్లోకి లేవదు. ఆ సంతకం కింద ఎందరో టెక్నీషియన్ల చేతి పని ఉంటుంది. తప్పు జరిగితే అడిగేది వీరినే అయినప్పుడు, పని ఎలా జరగాలో నిర్ణయించేచోట తమ మాట చెల్లాలని వారు కోరుకోవడం న్యాయమే కదా.

చేతిపనివారి సంఘటిత శక్తి మన తెలుగువారికి కొత్త సంగతి కాదు. 1920ల చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాలు పోగొట్టుకున్న కార్మికుల పక్షాన నిలిచి అహింసా సమ్మెను నడిపించినది వి.వి.గిరి. ఆ రైల్వేకు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు గుండెకాయ. వాల్తేరు దాకా దాని పట్టాలు పరుచుకుని ఉండేవి. తర్వాతి కాలంలో కేంద్ర కార్మిక మంత్రిగా కూడా గిరి ఒకే సంగతిని నమ్మారు. కార్మికుడూ యజమానీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి గానీ, ప్రతి తగవునూ ట్రిబ్యునల్‌కు ఈడ్చకూడదని ఆయన వాదన. అయితే ఆ బల్ల ముందు కార్మికుల తరఫున ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

వేరు సంఘం పెట్టుకుంటే ఏమీ సాధించలేరన్న వాదన నిజం కాదు. గుర్తింపు పొందిన సమాఖ్యలు తమ గోడు పట్టించుకోవడం లేదని రైలు ఇంజిన్లు నడిపే సిబ్బంది తమ సంఘం తాము పెట్టుకున్నారు. 1973 ఆగస్టులో సమ్మె చేసి 10 గంటల డ్యూటీ ఒప్పందం సాధించారు. వారిది మరమ్మతు పని కాకపోయినా, ఒక నైపుణ్యం గలవారు విడిగా నిలబడి గెలిచిన సందర్భం అది. కానీ మరుసటి ఏడాది మే నెలలో దేశవ్యాప్త రైల్వే సమ్మె వచ్చినప్పుడు అదే లోకో సిబ్బంది మిగతా సంఘాలతో కలిసే నడిచారు. దాదాపు 17 లక్షల మంది పాల్గొన్న ఆ సమ్మె 20 రోజుల తర్వాత ఆగిపోయింది. ప్రభుత్వం దాన్ని కఠినంగా అణచివేసింది. ఓడినా, పెద్ద పోరాటంలో ఒంటరిగా మిగలకూడదన్న ఎరుక వారికి ఉందని ఆ ఏడాది చెబుతుంది.

ఒంటరిగా మిగిలితే ఏమవుతుందో అమెరికా విమాన మెకానిక్కుల అనుభవం చూపిస్తుంది. సామాన్లు మోసేవారు, గ్రౌండ్ సిబ్బంది అందరూ ఉన్న పెద్ద యూనియన్‌లో తమ నైపుణ్యానికి విలువ దక్కడం లేదని నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ మెకానిక్కులు భావించారు. 1998లో ఆ యూనియన్‌ను విడిచి, మెకానిక్కుల సొంత సంఘమైన ఆమ్ఫాను ఎన్నుకున్నారు. 2001లో మంచి వేతన ఒప్పందం కూడా దక్కింది. నాలుగేళ్లు తిరగకుండానే గాలి మారింది. జీతాలు పాతిక శాతం తగ్గించుకోవాలని, దాదాపు సగం ఉద్యోగాలు వదులుకోవాలని యాజమాన్యం పట్టుబట్టింది. 2005 ఆగస్టు 20న సుమారు 4,400 మంది సమ్మెకు దిగారు. పైలట్లు రాలేదు, విమాన పరిచారికలు రాలేదు, వారు విడిచి వచ్చిన పాత యూనియన్ కూడా రాలేదు. యాజమాన్యం ముందే సిద్ధం చేసుకున్న కొత్త మెకానిక్కులతో విమానాలు ఎగిరాయి. సమ్మె ఓడిపోయింది, వేలమంది బతుకుతెరువు పోయింది. వారి నైపుణ్యంలో గానీ పట్టుదలలో గానీ లోపం లేదు. ఆ కష్టకాలంలో పక్కన నిలబడే తోటి కార్మికుడు మాత్రం కరువయ్యాడు.

అదే దేశంలో కార్ల ఫ్యాక్టరీ కార్మికులు మరో దారి పట్టారు. వారి యూనియన్ యూఏడబ్ల్యూలో అసెంబ్లీ లైను కార్మికులు, మరమ్మతు నిపుణులు ఒకే గొడుగు కింద ఉంటారు. అయితే ఒప్పందాలపై నిపుణుల ఓట్లను విడిగా లెక్కిస్తారు. 2015లో జనరల్ మోటార్స్ ఒప్పందానికి ఉత్పత్తి కార్మికుల్లో 58 శాతం ఒప్పుకున్నారు. నిపుణుల్లో మాత్రం దాదాపు 60 శాతం కాదన్నారు. వేర్వేరు పనుల వారిని ఒకే వర్గంలో కలిపేస్తే తమ పనికీ సీనియారిటీకీ రక్షణ ఉండదన్నది వారి భయం. మొత్తం ఓట్లలో మెజారిటీ ఉన్నా యూనియన్ నాయకత్వం ఆగింది. అభ్యంతరం ఏమిటో నిపుణులను అడిగి తెలుసుకుంది, మళ్లీ యాజమాన్యంతో మాట్లాడింది, వారి పని వర్గాలకు రక్షణ చేర్చిన తర్వాతే ఒప్పందం ఖాయమైంది. ఇల్లు విడిచిపోకుండానే చిన్న వర్గం తన మాట నెగ్గించుకున్న తీరు ఇది.

మన దేశంలో ఇప్పుడు చట్టం కూడా ఈ దారినే ఆలోచించమంటోంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ప్రకారం, సంస్థలో పలు సంఘాలు ఉంటే 51 శాతం కార్మికుల మద్దతున్న సంఘమే యాజమాన్యంతో చర్చలు జరుపుతుంది. అంత బలం ఎవరికీ లేకపోతే కనీసం 20 శాతం మద్దతున్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. సంస్థ కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే ఆ సంఖ్య ఉంటే సంఘాన్ని రిజిస్టర్ చేసుకోవచ్చు. కానీ 500 మంది పనిచేసే ఫ్యాక్టరీలో నిర్వహణ (మెయింటెనెన్స్) సిబ్బంది 60 మందే ఉంటే, వారంతా ఒక్కటై సంఘం పెట్టుకున్నా చర్చల గదిలో కుర్చీ దొరకదు. మూకుమ్మడిగా సెలవు పెట్టి నిరసన తెలిపే దారి కూడా ఇరుకైంది. సగం మంది గానీ అంతకు మించి గానీ ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెడితే అది సమ్మె కిందికే వస్తుంది. 2022 జూలైలో జీతాలు చాలడం లేదని ఇండిగో విమాన టెక్నీషియన్లు హైదరాబాద్, ఢిల్లీల్లో మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టిన సంగతి గుర్తుండే ఉంటుంది. మాట్లాడుకునే చోటు సరిగా లేనప్పుడే మనుషులు అలాంటి దారులు వెతుక్కుంటారు.

వేరు సంఘం అనుకునేటప్పుడు మరో సంగతీ మరిచిపోకూడదు. నిర్వహణ పనిలో ఇప్పుడు పర్మినెంట్ వారి పక్కనే కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ మనుషులూ ఉన్నారు. ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారూ, పని చూసి నేర్చుకున్న హెల్పర్లూ ఒకే యంత్రం మీద వంగి పనిచేస్తారు. నైపుణ్యం పేరుతో పెట్టే సంఘం తలుపు దగ్గరే హెల్పరును ఆపేస్తే, యాజమాన్యానికి రేపు చవకగా దొరికే మనిషి అతడే అవుతాడు. 2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగినప్పుడు డ్రైవరు, కండక్టరు, మెకానిక్ అందరి ఇళ్లలోనూ జీతం ఆగింది. ఆ కష్టం పంచుకున్నవారి మధ్య గోడ కట్టడం సులువుగా తీసుకోవలసిన నిర్ణయం కాదు.

ఇంతకూ నిర్వహణ పనివారి సొంత మాటకు అన్నిటికంటే విలువ ఉండేది జీతాల విషయంలో కాదు, భద్రత విషయంలో. 2020 మే 7న విశాఖపట్నం ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. నిల్వ ట్యాంకులో ఉష్ణోగ్రత అదుపు తప్పడం, శీతలీకరణలోనూ పర్యవేక్షణలోనూ లోపాలు ఉండటం కారణాలని విచారణ కమిటీ తేల్చింది. ఏ ఫ్యాక్టరీలోనైనా ఇలాంటి లోపాలు ముందుగా కంటపడేది ఆ యంత్రాల దగ్గర తిరిగే పనివారికే. ఈ యంత్రం ఇప్పుడు నడపకూడదు, ఈ బండి ఈ పూట బయటికి వెళ్లకూడదు అని చెప్పిన మనిషికి మెమో రాకుండా, బదిలీ కాకుండా కాపాడగలిగితే ఆ యూనియన్ ఫ్యాక్టరీ పక్క ఊరినీ, బస్సెక్కిన ప్రయాణికుడినీ కూడా కాపాడినట్టే. అలా కాపాడటానికి పని తెలిసిన మనిషి నోరూ కావాలి, వెనక నిలబడే వేలమంది బలమూ కావాలి.

అందుచేత నిర్వహణ కార్మికులు విడిపోవడం కన్నా, ఉన్న యూనియన్‌లోనే తమ విభాగాన్ని గట్టిగా కట్టుకోవడం మేలని మా అభిప్రాయం. ఆ విభాగానికి ప్రతినిధులను వారే ఎన్నుకోవాలి. వారి పనికి మాత్రమే సంబంధించిన అంశాలపై వారి ఓట్లను విడిగా లెక్కించాలి, వారు కాదంటే నాయకత్వం సంతకం పెట్టకుండా ఆగాలి. ఔట్‌సోర్సింగ్ టెక్నీషియన్లనూ, హెల్పర్లనూ ఆ విభాగంలోకి పిలవాలి. కొత్త భద్రతా స్మృతి ప్రకారం సంస్థల్లో ఏర్పడే భద్రతా కమిటీల్లో కార్మిక ప్రతినిధులు యాజమాన్య ప్రతినిధుల కంటే తక్కువ ఉండకూడదు. ఆ స్థానాల్లో కొన్నిటిని నిర్వహణ పనివారికి యూనియన్లు తామే కేటాయించాలి.

ఇది పెద్ద యూనియన్లు దయతలచి ఇవ్వవలసిన వరం కాదు. ఏళ్ల తరబడి చందా కట్టి, ప్రతి సమ్మెలో జీతం కోల్పోయి వారు సంపాదించుకున్న హక్కు. అది కూడా దక్కకపోతే వారు వేరు దారి చూసుకున్న రోజున చీలిక నింద వారి మీద వేయడం అన్యాయం. ఎక్కువమంది ఓటేశారన్న ఒక్క కారణంతో తక్కువమంది గోడు వినని యూనియన్, తన మాట వినని యాజమాన్యాన్ని ఏ ముఖంతో నిలదీస్తుంది? రాబోయే ఎన్నికల మేనిఫెస్టోలు రాసుకునే ముందు నాయకులు ఒక రాత్రి షిఫ్టు గ్యారేజీలో గడిపి, అక్కడివారు చెప్పేది రాసుకుని, దాన్ని మొదటి పేజీలో చేర్చాలి.