నవంబరు 19 సరే, మే 9 మాటేమిటి?

ఏటా నవంబరు 19 రాగానే ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికలలో దివిసీమ ఉప్పెన కనబడుతుంది. కనబడవలసిందే. 1977లో ఆ శనివారంనాడు సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం లేచి నాగాయలంక, కోడూరు ప్రాంతపు పల్లెలను తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్కలోనే పదివేల ప్రాణాలు. అంతకు మించి పోయాయని దివివారంటారు. నేను వారి మాటనే నమ్ముతాను.

అయితే అవే శీర్షికలలో మే 9న తుపాను ఊసు నాకింతవరకు తగలలేదు. 1990లో ఆనాడు కృష్ణా డెల్టాలో తీరం దాటిన తుపాను 1977 నాటిదానికి ఏమాత్రం తీసిపోదు.

నూజివీడువాణ్ణి గనుక నాకా తేదీ మరపురాదు. వేసవి సెలవులు. బంగినపల్లి కోత సాగుతున్నది, రసాలు పక్వానికి వస్తున్నాయి. రాత్రంతా గాలివాన. తెల్లవారి చూస్తే చెట్ల క్రింద కాలు మోపే చోటు లేదు. దెబ్బతిన్న కాయను మాగవేస్తే కుళ్లుతుంది, ఆవకాయ పెడితే బూజు పడుతుంది. పూతమీదే తోట కౌలుకు తీసుకొన్నాయన గట్టుమీద కూర్చుండిపోయాడు. రావలసిన బాకీ మాట నాన్నగారు ఎత్తలేదు. ఆ యేడు పేరు ప్రమోదూత. ఏమి ప్రమోదమో!

బడులు తెరిచాక, అవనిగడ్డ వైపునుండి వచ్చిన సహోపాధ్యాయునివద్ద ఈ గోడంతా వెళ్లబోసుకొన్నాను. ఆయన తమ్ముళ్లిద్దరు డెబ్బైయేడులో పోయారు. అంతా విని, “మా ఇంటి కప్పు ఎగిరిపోయిందండీ. మనుషులం మాత్రం అందరం ఉన్నాం. ముందురోజే లారీలలో ఎక్కించుకుపోయారు” అన్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

పంచాంగం తిరగవేస్తే మరొకటి తెలిసింది. దివిసీమ ఉప్పెననాటికి దీపావళి వెళ్లి వారం దాటింది. చంద్రుడు సగం పైచిలుకు, ఆటుపోట్లు మందంగా ఉండే నాళ్లవి. 1990 మే 9 వైశాఖ పౌర్ణమి, పోటు బలంగా ఉండే దినం. అయినా మరణాలు 967. అది చిన్న సంఖ్య అనను. కాని ఆ పదమూడేళ్లలో తీరం వెంబడి తుపాను రక్షణ భవనాలు లేచాయి, ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందాయి, లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. సముద్రం మారలేదు, మనం మారాం.

చచ్చినవారి సంఖ్యను బట్టి తేదీకి యోగ్యత కట్టడం నాకు సమ్మతం కాదు. మే నెలలో బడులుండవు గనుక నవంబరు 19నే పిల్లలకు రెండు తుపానులూ కలిపి చెప్పేవాణ్ణి. ఒకసారి ఏడవ తరగతి పిల్లవాడొకడు, “బ్రతికినవాళ్లది కూడా చరిత్రేనా మాస్టారూ?” అని అడిగాడు. పాఠ్యపుస్తకం చేసిన నిర్వాకం!

తేదీల పట్టికలు కూర్చే మిత్రులారా, మే 9కి ఎదురుగా ఒక్క పంక్తి చేర్చండి. 967 అని వ్రాయండి. ఆ ప్రక్కనే, ముందురోజులలో ఇల్లు విడిచి వెళ్లి తిరిగివచ్చినవారు లక్షకు పైగా అనీ వ్రాయండి.